లోపలి నుంచి తెరుచుకునే తలుపు

నన్ను మండలిలోంచి తప్పించడానికే వాళ్ళు నా చెల్లెల్ని అంతరిక్షంలోకి పంపుతున్నారని అమ్మకు నచ్చజెప్పడానికి నాకు ఒక వేసవి మొత్తం పట్టింది.

"నిన్ను వదిలించుకోవడానికి అంత పెద్ద రాకెట్ కావాలా? గేటు దగ్గర కాపలావాడు చాలడూ?" అంది అమ్మ, మొదటిసారి విన్నప్పుడు.

కాపలావాడు చాలడు. ఎందుకు చాలడో చెప్పాలంటే ఒక కరచాలనం దగ్గర మొదలుపెట్టాలి.

నేను అగ్నిమాపక శాఖలో ఇంజినీరుగా పనిచేసినన్నాళ్ళూ తలుపులు చూశాను. సినిమా హాళ్ళవి, ఆసుపత్రులవి, ఫ్యాక్టరీలవి. మంట రేగినప్పుడు లోపలున్న మనిషి బయటికి రాగలడా లేదా, అదే నా ఉద్యోగం. పెళ్ళికి పిలిస్తే అక్షింతలు వెయ్యకముందే బయటికి దారి ఎటుందో చూసుకుంటానని చుట్టాలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే సంస్థ మీద ఒక కన్ను వేసి ఉంచడానికి స్వతంత్ర భద్రతా మండలిని పెట్టినప్పుడు, అందులో ఒక కుర్చీ నాకు ఇచ్చారు.

మేం ఐదుగురం. ఐదుగురమూ సరే అంటేనే రాకెట్ కదలాలి. సంస్థ మాకు జీతం ఇవ్వదు. మేం వాళ్ళ కార్లు ఎక్కం, వాళ్ళ టీ తాగం, మా టీ వాళ్ళకి పొయ్యం. మండలి మొదలైన రోజుల్లో ఎవరో పెట్టిన ఆచారం అది. మిగతా నలుగురూ మంచినీళ్ళ దాకా దిగొచ్చారు గానీ నేను రాలేదు. నా సంచిలో ఎప్పుడూ స్టీలు ఫ్లాస్కు ఉండేది. ఆ సంస్థ డైరెక్టరు నాకు ‘ఫ్లాస్కు మేడమ్’ అని పేరు పెట్టాడు. ఎదురుగానే పిలిచేవాడు కూడా.

ఆ వేసవి చివర్లో నలుగురు మనుషులు ఎగరాలి. భూమి చుట్టూ తిరిగి, సముద్రంలో దిగాలి. ఎండలు ముదరకముందు ఒకరోజు క్యాప్సూల్ చూడ్డానికి వెళ్ళాను. షెడ్డులో దాన్ని ఒక ఇనప చట్రంలో బిగించారు. అటూ ఇటూ వంచడానికి వీలుగా ఉంటుందని అందరూ దాన్ని ఊయల అంటారు. సముద్రంలో దిగాక క్యాప్సూల్ పక్కకి ఒరిగిపోవచ్చు కాబట్టి, ఊయలని కూడా పక్కకి ఒరిగించి, తలుపు తెరిచి చూస్తారు. ఆ పరీక్ష చేసే మెకానిక్కుని నాకు పరిచయం చేశారు.

పొట్టిగా, బలంగా ఉన్నాడు. నవ్వుతూ చెయ్యి కలిపాడు. నా వేళ్ళు పటపటమన్నాయి.

"అయ్యో, సారీ మేడమ్!" అని చెయ్యి వదిలేశాడు. "ఇక్కడ అందరూ నన్ను ఉడుం అంటారు. పట్టుకుంటే వదలదని."

నేను వేళ్ళు రుద్దుకుంటూ అడిగాను. "లోపలి నుంచి ఈ తలుపు తీసే పరీక్ష చేసింది మీరేనా?"

"నేనే మేడమ్. ప్రతిసారీ నేనే!" గొప్పగా చెప్పాడు. "ఇంకొకరు ఎక్కితే ఆలస్యం అవుతుందని సార్ నన్నే పంపిస్తారు. చిటికెలో తీసేస్తా."

"సూటు వేసుకునేనా? గ్లోవ్సుతో?"

ఉడుం చుట్టూ చూశాడు. ఎవరైనా తన బదులు జవాబు చెబుతారేమోనని. "ఈ చేతులకి గ్లోవ్సు ఎందుకు మేడమ్?" అన్నాడు చివరికి.

అదీ సంగతి. ఎవరూ అబద్ధం ఆడలేదు. ఎవరూ లెక్కలు మార్చలేదు. పని తొందరగా అవుతుందని ఎప్పుడూ ఒకే మనిషిని ఎక్కించారు. తీయగా తీయగా ఆ మనిషికి ఆ తలుపు ఇంట్లో బీరువా అయిపోయింది. పిడి తిప్పేముందు భుజంతో కాస్త పైకి ఎత్తాలని అతని ఒంటికి తెలుసు. ఆ సంగతి అతని నోటికే తెలియదు. ఎగరబోయే నలుగురిలో ఒక్కరూ సూటు వేసుకుని ఆ పిడి తిప్పి చూడలేదు.

డైరెక్టరు గదిలో గోడ మీద ఎర్ర అంకెల గడియారం ఒకటుంది. ప్రయాణానికి మిగిలిన సమయం అందులో తగ్గుతూ ఉంటుంది. ఆయన దానికి వీపు పెట్టి కూర్చుంటాడు. వచ్చినవాళ్ళే దాన్ని చూడాలి.

"తలుపు తెరుచుకుంటోంది మేడమ్. ఎన్నిసార్లు పరీక్షిస్తే అన్నిసార్లూ తెరుచుకుంది. ఇంకేం కావాలి మీకు?"

"ఉడుం తీస్తే తెరుచుకుంటోంది. ఉడుం ఎగరడం లేదు."

"సముద్రంలో పడవలు ఉంటాయి. దిగిన వెంటనే మనవాళ్ళు బయటి నుంచి తీస్తారు. బయటి నుంచి ఒక పిల్లాడైనా తీయగలడు."

"లోపల పొగ వస్తే? సూటులో గాలి నింపుకుని కూర్చోవాలి. చేతులు బుడగల్లో పెట్టినట్టు ఉంటాయి. పొగ పడవల కోసం ఆగదు సార్."

ఆయన మంచివాడు కాదని నేను అనను. ఆ రాకెట్ కోసం జుట్టు నెరిసిపోయిన మనిషి. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నేను కూడా వాళ్ళని చంపాలని కూర్చోలేదు ఇక్కడ. ఈ వేసవి దాటిపోతే ప్రభుత్వం నిధులు ఆపేస్తుంది. మళ్ళీ ఎవరూ ఎగరరు. అది మీ తలుపు కన్నా చిన్న ప్రమాదమా?"

"నలుగురూ సూటు వేసుకుని ఒక్కొక్కసారి తీసి చూపించమనండి. నేను అక్కడికక్కడే సంతకం పెడతాను."

"తియ్యలేకపోతే?"

"అప్పుడు మీకే తెలుస్తుంది, నేను ఎందుకు అడిగానో."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఇక మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను తప్పుగా చదివాను. ఒప్పుకుంటున్నాడేమో అనుకున్నాను.

*

ఆ వారంలోనే నలుగురిలో ఒకరికి చెవిలో ఇన్ఫెక్షన్ వచ్చింది. బదులు వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు ఇద్దరు. ఒకరు విమానాలు నడిపే పెద్దమనిషి. రెండోది నా చెల్లెలు.

చెల్లెలు సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని హెలికాప్టర్‌లో కాపాడే పైలట్. ఎన్నేళ్ళ నుంచో ‘బదులు’ జాబితాలోనే ఉంది. ప్రతిసారీ వేరేవాళ్ళు ఎగిరేవాళ్ళు, ఇది కింద నిలబడి చెయ్యి ఊపేది. ఆ సాయంత్రం గుమ్మంలోకి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా నిలబడింది. అమ్మ దాని మొహం చూసింది.

"ఏమే?"

"అమ్మా, నేను వెళ్తున్నా."

"ఎక్కడికి?"

చెల్లెలు వేలెత్తి పైకి చూపించింది.

అమ్మ స్కూల్లో ఆటల టీచరుగా పనిచేసి రిటైరయింది. విజిల్ వదిలేసినా గొంతు వదల్లేదు. అమ్మ వేసిన ఒక్క కేకకి పక్కింటి వాళ్ళు, ఎదురింటి వాళ్ళు, కింద కొట్టు అతను అందరూ వచ్చేశారు. ఎవరో మిఠాయి తెచ్చారు. ఎవరో ఫోటోలు తీశారు. ఆ హడావిడిలో నా ఫోన్ మోగింది. డైరెక్టరు.

"శుభాకాంక్షలు ఫ్లాస్కు మేడమ్. మీ ఇంటికి ఇంత గౌరవం దక్కడం మాకూ సంతోషమే. మండలి నియమాలు మీకు నేను చెప్పక్కర్లేదనుకుంటా."

చెప్పక్కర్లేదు. ఎగిరే మనిషికి రక్తసంబంధం ఉన్నవాళ్ళు మండలిలో కూర్చోకూడదు. మిగతావాళ్ళు సరే అంటే చాలు. ఆ నియమం రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మంచి నియమం. చెల్లెలు ‘బదులు’ జాబితాలో ఉన్నన్నాళ్ళూ అది నన్ను తాకలేదు.

జనం వెళ్ళిపోయాక చెల్లెలు నా పక్కన కూర్చుంది. "నువ్వొక్కదానివే ఏం అనలేదు."

"ఆ పైలట్ గారిని వదిలేసి నిన్నెందుకు ఎంచుకున్నారో తెలుసా?"

"నేను బాగా చేస్తానని."

"నువ్వు బాగా చేస్తావని పోయినేడు తెలీదా వాళ్ళకి? అంతకుముందు ఏడు తెలీదా?" తలుపు సంగతి, ఉడుం సంగతి అన్నీ చెప్పాను. "నన్ను కుర్చీలోంచి లేపడానికి నిన్ను సీట్లో కూర్చోబెట్టారు."

చెల్లెలు నా పక్కనుంచి లేచింది. అది కోపం వస్తే అరవదు. గొంతు ఇంకా తగ్గిపోతుంది.

"ఎందుకు తీసుకుంటే నాకేంటక్కా? ఎక్కిన తర్వాత నేనే కదా నడిపేది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. నేను ఎక్కడికి బయల్దేరినా నువ్వు గుమ్మంలో అడ్డంగా ఉంటావు. ఈత నేర్చుకుంటానంటే నువ్వు. హెలికాప్టరంటే నువ్వు. ఇప్పుడు కూడా నువ్వే."

"నేను ఆ తలుపు గురించి..."

"ఎప్పుడూ ఏదో ఒక తలుపు ఉంటుంది నీకు!"

అమ్మ లోపలి నుంచి వచ్చింది. అంతా విన్నట్టుంది. రాకెట్, కాపలావాడు అన్న ఆ మాట అప్పుడే అంది. "పెద్దదానివి, ఒక్కరోజు నోరు మూసుకుని సంతోషించలేవూ?" అంది నాతో. ఆ పైన నాతో మాట్లాడ్డం మానేసింది. ఒకే ఇంట్లో ఉంటూ, ‘ఆవిడకి అన్నం వడ్డించాను, తినమను’ అని చెల్లెలితో చెప్పించేది. చెల్లెలు ఆ మాట గోడకి చెప్పేది. నేను గోడ దగ్గర నుంచి అందుకుని తినేదాన్ని.

*

మండలి అధ్యక్షుణ్ణి మేం పెద్దాయన అంటాం. ఒకప్పుడు కూలిపోయిన విమానాల మీద విచారణలు చేసిన మనిషి. నన్ను వెళ్ళమని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. నీళ్ళ గ్లాసు ఇటు జరిపాడు, అటు జరిపాడు.

"నియమం నియమమేనమ్మా."

"తెలుసండీ. నేను దాన్ని మార్చమని అడగడం లేదు. తలుపు మాత్రం వదలకండి."

"అది మేం చూసుకుంటాం."

మిగతా ముగ్గురూ బల్ల వైపు చూశారు. పెద్దాయనతో కలిపి ఆ నలుగురికీ పరీక్షల ఫలితాలు బాగానే కనిపిస్తున్నాయి. అన్నింట్లోనూ తలుపు తెరుచుకుంది. పడవల్ని ఇంకొంచెం దగ్గరగా పెట్టమంటే చాలనుకుంటున్నారు. నేను ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని లేచాను. గుమ్మం దగ్గర ఆగి, అలవాటు ప్రకారం ఆ గది తలుపు ఎటు తెరుచుకుంటుందో చూశాను. లోపలికి. తప్పు. బయటికి తెరుచుకోవాలి.

"ఇది కూడా మార్పించండి," అన్నాను.

ఇంటికి నడుస్తూ ఆలోచించాను. మండలి మనిషిగా నాకు ఇక నోరు లేదు. పత్రికలకి ఎక్కితే చెల్లెలి మీద అసూయతో చేశానంటారు. అమ్మ కూడా అదే అంటుంది. ఎటు చూసినా మూసేశారు. డైరెక్టరు తెలివైనవాడు.

కానీ ఆ తెలివైన మనిషి ఒకటి మర్చిపోయాడు. నన్ను మండలి నుంచి తీసేసిన నియమమే నన్ను ఇంకొకటి చేసింది. ఎగిరే మనిషికి అక్కని చేసింది.

*

ప్రయాణానికి ముందు కుటుంబాల సమావేశం ఒకటి జరుగుతుంది. ఎగిరేవాళ్ళ ఇళ్ళ వాళ్ళని షెడ్డుకి పిలిచి క్యాప్సూల్ చూపిస్తారు. ఎగిరేవాళ్ళు సూట్లు వేసుకుని ఫోటోలు దిగుతారు. ఆ తర్వాత డైరెక్టరు అందరి ముందూ నిలబడతాడు. ఇంటివాళ్ళు ఏ ప్రశ్న అడిగినా జవాబు చెప్పి తీరాలి. తెలియకపోతే తెలియదని చెప్పాలి. చూపించమంటే చూపించాలి. మొదటిసారి ఎగిరినవాళ్ళు పట్టుబట్టి పెట్టించుకున్న పద్ధతి అది. ఇన్నేళ్ళలో ఎవరూ దాన్ని జవదాటలేదు.

ఆహ్వానం మా ఇంటికి వచ్చింది. ఇద్దరికి. అమ్మకి, నాకు.

"ఆవిడ వస్తుందా?" అని అమ్మ గోడని అడిగింది.

"వస్తుంది," అన్నాను.

షెడ్డులో ఏసీ ఉన్నా ఉక్కగానే ఉంది. కుర్చీలు వరసగా వేశారు. నలుగురూ తెల్ల సూట్లలో నిలబడ్డారు. చెల్లెలు నన్ను చూసి చూపు తిప్పుకుంది. దాని మొహం వెలిగిపోతోంది. పోనీలే, అనుకున్నాను ఒక్క క్షణం. పడవలు ఉంటాయి కదా.

డైరెక్టరు నవ్వుతూ వచ్చాడు. నన్ను చూసి నవ్వు కొంచెం బిగుసుకుంది గానీ ఆగలేదు. ఆ నలుగురికీ నాయకుడైన కమాండరు కొడుకు మొదట చెయ్యెత్తాడు. బడికెళ్ళే పిల్లాడు.

"అంకుల్, లోపల బాత్రూం ఎక్కడుంది?"

అందరూ నవ్వారు. డైరెక్టరు నవ్వలేదు. పద్ధతి ప్రకారం వాడికి అంతా వివరంగా చెప్పాడు. గొట్టం చూపించాడు. వాడు మొహం అదోలా పెట్టి కూర్చున్నాడు.

నేను చెయ్యెత్తాను.

"మేడమ్," అన్నాడు డైరెక్టరు. "మండలి విషయాలు ఇక్కడ..."

"మండలి తరఫున కాదు సార్. నేను దానికి అక్కని." చెల్లెలి వైపు చూపించాను. "ఒకటే ప్రశ్న. మా చెల్లెలు ఈ సూటులో, ఈ గ్లోవ్సుతో, లోపలి నుంచి తలుపు తీసుకుని బయటికి రాగలదా? చూపించండి."

అమ్మ నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లింది. కూర్చోమని.

డైరెక్టరు మైకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. అయినా తేరుకున్నాడు. తెలివైనవాడని చెప్పానుగా. నా వైపు కాకుండా చెల్లెలి వైపు తిరిగాడు.

"అక్కగారి భయం సహజం. నువ్వే చెప్పమ్మా. తలుపు మీద నీకేమైనా అనుమానం ఉందా?"

లేదు అంటే చాలు. ఒక్క మాట. అక్కడితో అయిపోతుంది. ఫోటోలు, టీ, బస్సు. వేసవి చివర్న చెల్లెలు ఎగురుతుంది.

చెల్లెలు నన్ను చూసింది. ఆ చూపులో ప్రేమ లేదు. చిన్నప్పుడు గుమ్మంలో అడ్డం నిలబడితే ఎలా చూసేదో అలాగే చూసింది. తర్వాత ఊయలలో ఉన్న క్యాప్సూల్ వైపు చూసింది. ఆ తర్వాత ఉడుం చేతుల వైపు.

"గ్లోవ్సు ఇవ్వండి," అంది.

*

ఊయలని పక్కకి ఒరిగించారు. చెల్లెలు లోపలికి దూరింది. సూటులో గాలి నింపారు. బయటి నుంచి ఉడుం తలుపు మూశాడు. స్పీకర్‌లో దాని ఊపిరి వినిపిస్తోంది.

పిడి కదిలిన చప్పుడు. ఆగిపోయిన చప్పుడు.

మళ్ళీ. మళ్ళీ.

"కాళ్ళు తన్నిపెట్టు!" అని అరిచింది అమ్మ, ఆటల మైదానంలో అరిచినట్టు. ఎవరూ నవ్వలేదు.

లోపల బూటు లోహానికి తగిలింది. ఊపిరి ఎగబీలుస్తోంది. వేళ్ళు పిడి మీద నుంచి జారుతున్నట్టు రబ్బరు గీసుకున్న చప్పుడు. తలుపు కదల్లేదు. ఉడుం చెయ్యి తనంత తానే బయటి పిడి మీదికి వెళ్ళింది.

స్పీకర్‌లో చెల్లెలి గొంతు వినిపించింది. బాగా తగ్గిన గొంతు. "అన్నా, తియ్యకు."

ఉడుం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండు చేతులూ వీపు వెనక కట్టుకున్నాడు.

"చాలమ్మా, బయటికి వచ్చెయ్," అన్నాడు డైరెక్టరు మైకులో.

"రాలేకపోతున్నాను కదా సార్. అక్క అడిగింది అదే కదా."

"సరే, చూశాం. ఉడుం, తియ్యి."

"తీస్తే ఊరుకోను! గాలి ఉంది, చల్లగానే ఉంది, నాకేం ఇబ్బంది లేదు. అందరూ చూడండి. నేను సముద్రంలో ఉన్నాను. పడవ ఇంకా రాలేదు."

కమాండరు భార్య లేచి నిలబడింది. పిల్లాడు ఆమె చీర కొంగు పట్టుకున్నాడు. డైరెక్టరు రెండుసార్లు చెప్పాడు, ఒకసారి బతిమాలాడు. చెల్లెలు లోపల నుంచి పిడి తిప్పుతూనే ఉంది. ఆ చప్పుడు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. కాసేపటికి అది కూడా ఆగిపోయి ఊపిరి ఒక్కటే మిగిలింది.

చివరికి తనే చెప్పింది. "ఇప్పుడు తియ్యన్నా."

జుట్టంతా తడిసి ముద్దయి బయటికి వచ్చింది. ఒక్క మాట అనకుండా పక్కకి తప్పుకుంది. కమాండరు, ఎవరూ అడక్కుండానే, గ్లోవ్సు బిగించుకుని లోపలికి దూరాడు. ఆరడుగుల మనిషి. ఆయనకీ తెరుచుకోలేదు. ఆఖరికి డైరెక్టరే ఉడుంకి గ్లోవ్సు తొడిగించాడు. ఉడుం ఎక్కాడు. భుజం కాస్త ఎత్తాడు. తలుపు టక్కున తెరుచుకుంది. బయటికి వచ్చి అందరి మొహాలూ చూసి, ఏదో తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

అప్పుడు అమ్మ లేచింది.

"బాగుంది. అయితే ఆ బాబుని కూడా తీసుకెళ్ళండి. తలుపు తియ్యడానికి."

*

రెండో రోజు సాయంత్రం చెల్లెలు ఇంటికి వచ్చింది. వంటింట్లో అమ్మ బియ్యం కడుగుతోంది. నేను కూరగాయలు తరుగుతున్నాను. మళ్ళీ మాటలు కలిశాయి గానీ ఇంకా అతుకు సరిగ్గా పడలేదు.

చెల్లెలు నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, స్టూలు మీద కూర్చుంది.

"సార్ పిలిచాడు. గ్లోవ్సు నా కొలతవి కాదు, అందుకే పట్టు దొరకలేదు అని చెప్పమన్నాడు. కమాండరు గారు అప్పటికే ఒప్పుకున్నారట. చెబితే అనుకున్న రోజుకే వెళ్తాం. తలుపు మార్చడం తర్వాతి ప్రయాణానికి చూస్తారట."

"మండలి?" అన్నాను.

"రేపు పొద్దున కూర్చుంటున్నారు. నలుగురూ సరే అనేలా ఉన్నారట. పడవలు దగ్గరగా పెడితే చాలని."

కత్తి నా చేతిలో ఆగిపోయింది. పెద్దాయన ‘మేం చూసుకుంటాం’ అన్న మాట గుర్తొచ్చింది. నీళ్ళ గ్లాసు అటూ ఇటూ జరపడం గుర్తొచ్చింది.

"నువ్వేం చెప్పావు?" అంది అమ్మ.

"గ్లోవ్సు సరిపోయాయి అని చెప్పాను." చెల్లెలు జేబులోంచి గుడ్డ బ్యాడ్జీ తీసింది. సూటు మీద కుట్టేది, దాని సీటు అంకె ఉన్నది. కుట్లు విప్పిన దారాలు ఇంకా వేలాడుతున్నాయి. "ఇదే బల్ల మీద పెట్టి వచ్చేద్దామనుకున్నా. కానీ వాళ్ళకెందుకు ఇవ్వాలి, నేను సంపాదించుకున్నది. అందుకే తెచ్చేసుకున్నా. పేరు మాత్రం తీసెయ్యమని రాసిచ్చాను."

అమ్మ కుళాయి కట్టేసింది. "అంటే?"

"అంటే నేను ఎగరడం లేదు. ఆ పైలట్ గారు వెళ్తారు." చెల్లెలు నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ తడి లేదు. "అక్కా, ఈ పూట నుంచి నీకు ఎగిరే చెల్లెలు లేదు. రేపు మీటింగు ఎన్నింటికి?"

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అమ్మకి నాకంటే ముందే అర్థమైంది. తడి చేతులు చీరకి తుడుచుకుని, పైన అరలో ఉన్న ఫ్లాస్కు దింపి, మూత తీసి వాసన చూసింది.

"దీన్ని ఎన్నాళ్ళ నుంచి కడగలేదే నువ్వు?" అంది. వేణ్ణీళ్ళు పోసి తోమడం మొదలుపెట్టింది. చాలాసేపు తోమింది. మా ఇద్దరికీ వీపు పెట్టి.

నేను చెల్లెలి భుజం మీద చెయ్యి వెయ్యబోయాను.

"వద్దు," అంది అది. "ఇప్పుడు ముట్టుకుంటే ఏడుస్తాను. రేపు నువ్వు పని చేసుకుని రా. తర్వాత చూద్దాం."

*

మర్నాడు నేను లోపలికి వెళ్ళేసరికి సంతకాలు మొదలయ్యాయి. పెద్దాయన చేతిలో పెన్ను ఉంది. డైరెక్టరు గోడ పక్కన కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు.

"మేడమ్, నియమం..."

"నియమం చదువుకునే వచ్చాను. మా చెల్లెలు నిన్న తన పేరు తీసేసుకుంది. నా కుర్చీలో ఇంకా ఎవర్నీ వెయ్యలేదు." కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఫ్లాస్కు బల్ల మీద పెట్టాను. చప్పుడు కావాలనే పెట్టాను. "నేను కాదంటున్నాను. నలుగురూ ఆ తలుపు తీసుకుని బయటికి వచ్చే దాకా కాదంటూనే ఉంటాను. రాసుకోండి."

"మీ మూలంగా ఈ కార్యక్రమం ఆగిపోతే?" డైరెక్టరు గొంతు పెరిగింది. "కొన్ని వందల మంది ఇళ్ళకి పోతారు. ఆ భారం ఎవరు మోస్తారు?"

"నేనే మోస్తాను. మా ఇంట్లో ఒకరు నిన్ననే మోశారు. మాకు అలవాటైంది."

పెద్దాయన పెన్ను చూసుకున్నాడు. పెట్టిన సంతకం మీద అడ్డంగా ఒక గీత గీశాడు. "నేను కూడా కాదు," అన్నాడు. మిగతా ముగ్గురివైపూ చూశాడు. వాళ్ళు బల్ల వైపు చూడలేదు ఈసారి.

గోడ మీది ఎర్ర అంకెలు ఆ మధ్యాహ్నం ఆగిపోయాయి. నిధులు ఆగుతాయన్నారు, ఆగలేదు. తిట్లు మాత్రం ఆగలేదు. పత్రికల్లో నన్ను దేశం కాళ్ళకి సంకెల అని రాశారు. అమ్మ ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది. ‘ఎంత బాగా పడిందో ఫోటో’ అంది.

వేసవి వెళ్ళిపోయి, వానలు గట్టిగా పట్టుకున్నాక కొత్త పిడి వచ్చింది. పొడుగ్గా, రెండు చేతులూ పట్టేంత. గొళ్ళెం కూడా మార్చారు. ఊయల మళ్ళీ ఒరిగింది. ఉడుంని దూరంగా, జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడమన్నాను. నలుగురూ ఒకరి తర్వాత ఒకరు ఎక్కారు, మూసుకున్నారు, తెరుచుకుని బయటికి వచ్చారు. చెవి నొప్పి తగ్గి తన సీటుకి తిరిగొచ్చినామె అందరికంటే సన్నటి మనిషి. ఆమె బయటికి వచ్చినప్పుడు ఉడుం జేబుల్లోంచి చేతులు తీసి చప్పట్లు కొట్టాడు.

నేను అక్కడే సంతకం పెట్టాను. చెప్పిన మాట ప్రకారం. పెట్టిన తర్వాత ఇంకో మాట చెప్పాను. ఈ రోజుతో మండలిలో నా కుర్చీ వదిలేస్తున్నానని.

డైరెక్టరు నమ్మలేదు. "ఇప్పుడెందుకు? గెలిచారుగా."

"తర్వాతి ప్రయాణానికి పేర్లు అడుగుతున్నారు కదా. మా చెల్లెలు పొద్దునే ఇచ్చింది."

ఆయన నన్ను, ఆ తర్వాత షెడ్డు తలుపు దగ్గర వాన చూస్తూ నిలబడ్డ చెల్లెల్ని చూశాడు. అది చేతిలో గుడ్డ బ్యాడ్జీని తిప్పుతోంది. దారాలన్నీ కత్తిరించి, అంచులు కుట్టి, శుభ్రంగా ఉంచుకుంది.

నేను ఫ్లాస్కు తీశాను. ఇక మండలి మనిషిని కాను కాబట్టి ఆచారం అడ్డు రాదు. మూతలో టీ పోసి డైరెక్టరుకి అందించాను. ఆయన ఒక క్షణం ఆలోచించి తీసుకున్నాడు. ఒక గుక్క తాగాడు.

"బాగుంది," అన్నాడు, ఇన్నాళ్ళకి మొదటిసారి మామూలు మనిషిలా.

"అమ్మ పెట్టింది. ఇంతకీ సార్, కుటుంబాల సమావేశం ఎప్పుడు పెడుతున్నారు?" అన్నాను. "ఈసారి సీటు బెల్టుల గురించి అడగాలి."

ఆయన రెండో గుక్క మింగలేదు.